కంప్యూటరు గిటారుకు చెయ్యి ఎవరిది?



గత మే నెలలో మేము భావనపాడు వెళ్ళాము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రములో వేట నిషేధము గనుక పడవలు ఒడ్డుననే ఉన్నాయి. మగవారు ఇళ్ళ దగ్గర వలలు బాగుచేసుకుంటున్నారు. ఒక కుటుంబము వారు మమ్మును ఇంటికి పిలిచారు. డిగ్రీ చదువుతున్న వారి అబ్బాయి, సెలవుల బైబిలు బడి పిల్లల కొరకు పాత కంప్యూటరు మీద ఒక పాట తయారు చేశాడు. పిల్లల గొంతులు చక్కగా ఉన్నాయి గాని గిటారు మాత్రము బొమ్మ పియానోవలె టకటకలాడుతున్నది.

"మంచి గిటారు శబ్దాల సాఫ్ట్‌వేరు కొంటే సరిపోతుందండీ" అన్నాడు అబ్బాయి. తండ్రి మా వైపు చూశాడు. వేట లేని రోజులలో ఆ డబ్బు ఎక్కడిది?

ఆదివారము ఆరాధనలో గిటారు వాయించే యౌవనస్థుడు ఆ వీధిలోనే ఉన్నాడు. అతడూ వేటకు వెళ్ళేవాడే. ఈ పాటకు తనను పిలువలేదని అతని మనసు నొచ్చుకున్న సంగతి మేము ఎరుగుదుము. కబురు పంపితే వచ్చాడు. హెడ్‌ఫోను పెట్టుకొని విని, "ఇదేటండి అయ్యగారూ! ఇలాగ వాయించాలంటే మనిషికి మూడు చేతులుండాలి" అన్నాడు.

అసలు సంగతి అదే. కంప్యూటరుకు వాద్యముల భాష నేర్పిన మిడి పద్ధతి 1983లో వచ్చింది. అందులో శబ్దము ఉండదు. ఏ స్వరము, ఎప్పుడు, ఎంత గట్టిగా అనే ఆజ్ఞలు మాత్రమే ఉంటాయి. ఆ ఆజ్ఞలు మనము కీబోర్డు మీద ఇస్తాము గనుక గిటారు శబ్దములోనికి పియానో చెయ్యి వచ్చి కూర్చుంటుంది. మీటిన తీగ శబ్దమును లెక్కలతోనే పుట్టించే ఉపాయమును కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ అనే ఇద్దరు అదే 1983లో ప్రచురించారు. అనగా తీగ శబ్దము కంప్యూటరుకు ఏనాడో వచ్చింది. రానిది చెయ్యి.

ఆ సాయంకాలము ఒకరు మెల్లగా వాయిస్తుంటే మరొకరు చూసి దిద్దుకున్నారు. మీ ఇంట పిల్లలకు పనికివచ్చునని ఆ దిద్దుబాట్లు ఇక్కడ వ్రాస్తున్నాము.

గిటారుకు తీగలు ఆరే. ఒక తీగ మీద ఒకేసారి రెండు స్వరములు పలుకవు. మామూలుగా పట్టే సి కార్డులో అయిదు తీగలే మోగుతాయి, లావుపాటి ఆరవ తీగ ఊరుకోవాలి. కనుక అదనపు స్వరములు తీసివేయండి.

చెయ్యి క్రిందికి వచ్చేటప్పుడు లావు తీగ ముందు, సన్న తీగ చివర మోగుతాయి. తీగకు తీగకు మధ్య సెకనులో వెయ్యవ వంతులు ఓ పది ఎడము ఉంచండి. చెయ్యి పైకి వెళ్ళేటప్పుడు తరచుగా సన్న తీగలు మూడు నాలుగే, అవి కూడా మెత్తగా మోగుతాయి.

మిడిలో మీటు బలమునకు 1 నుండి 127 వరకు అంకెలున్నాయి. అన్ని దెబ్బలకు ఒకే అంకె పెట్టకండి. కార్డు మారేటప్పుడు వేళ్ళకు కూడా క్షణకాలము ఎడము ఇవ్వండి.

చేతిలో గిటారే ఉంటే మరీ మంచిది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగలు మార్చండి. ఫ్యాను ఆపండి. గోడలు ప్రతిధ్వనిస్తే బొంతలు వ్రేలాడదీయండి. మైకును గిటారు రంధ్రమునకు ఎదురుగా పెడితే శబ్దము గుమ్మరిస్తుంది. మెడ మీద పన్నెండవ మెట్టు వైపు, ఒక అడుగు దూరములో పెట్టండి. అదే వరుసను రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి ఎడమ ప్రక్కకు, మరొకటి కుడి ప్రక్కకు ఉంచండి.

చివరకు పాటలో సగము కంప్యూటరు వాయించింది, చరణముల మధ్య వచ్చే గిటారు ఆ యౌవనస్థుడు వాయించాడు. ఏది ఎవరిదో పిల్లలు పోల్చలేకపోయారు. తండ్రి పైసా ఖర్చు పెట్టలేదు.

తల్లిదండ్రులారా, ఫలానా సాఫ్ట్‌వేరు కొనిపెట్టమని మీ పిల్లలు అడిగితే కోపగించుకోకండి. "మన వీధిలో ఆ వాద్యము వాయించేవారు ఎవరైనా ఉన్నారా? వారిని అడిగావా?" అని మాత్రము అడగండి. నిషేధము తీరగానే ఆ యౌవనస్థుడు మరల వేటకు వెళ్ళాడు. ఇప్పుడు ఆ అబ్బాయి క్రొత్త పాట మొదలుపెట్టేముందు, అతని పడవ ఎప్పుడు ఒడ్డుకు వస్తుందో కనుక్కుంటున్నాడట.