గాలిలోకి లేచిన తపాలా సంచి

టాటానగర్ స్టేషనును ఆనుకొని ఉన్న బర్మామైన్స్‌లో నివసించే మన తెలుగు సోదరులకు జమ్‌షెడ్‌పూర్ అనగానే ఉక్కు కొలిమి, ఇంజను కూత స్ఫురించడం సహజం. అయితే ఆ ఉక్కు సంస్థకు అనేక దశాబ్దాలు అధ్యక్షులుగా ఉన్న జె.ఆర్.డి. టాటాయే మన దేశపు వాణిజ్య విమానయానానికి కూడా ఆద్యులు. ఆ చరిత్రలో వైమానికుల పేర్లు సువర్ణాక్షరాలతో ఉన్నవి. తపాలా, రైల్వే కార్మికుల పాత్ర మాత్రం మరుగున పడి ఉన్నది.

1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి యమునకు ఆవల ఉన్న నైనీకి హెన్రీ పెకే దాదాపు 6,500 ఉత్తరాలను విమానంలో చేరవేశాడు. వాటికి ముద్ర వేసినదీ, అక్కడి నుండి గమ్యాలకు పంపినదీ తపాలా సిబ్బందియే. 1932 అక్టోబరు 15న టాటా స్వయంగా ఒంటి ఇంజను పస్‌మాత్ విమానాన్ని కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి నడిపారు. అందులో ప్రయాణికులు లేరు. ఉన్నవి ఇంగ్లండు నుండి వచ్చిన తపాలా సంచులు. బొంబాయి నుండి బళ్ళారి మీదుగా మద్రాసుకు నెవిల్ విన్‌సెంట్ వాటిని కొనిపోయాడు. ప్రభుత్వ సబ్సిడీ లేని ఆ సంస్థను నిలబెట్టినది తపాలా రవాణాకు లభించిన ప్రతిఫలమే. అనగా సామాన్యుడు ఉత్తరంపై అంటించిన బిళ్ళయే ఆ రెక్కలకు బలమైనది.

హైదరాబాదు ఉదాహరణ మరింత స్పష్టమైనది. 1945లో బేగంపేట కేంద్రంగా ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో ప్రధాన వాటాదారు నిజాం స్టేట్ రైల్వే, టాటాలు భాగస్వాములు. పట్టాలు వేసిన సంస్థయే ఆకాశమార్గానికి పెట్టుబడి సమకూర్చినది! 1949 జనవరిలో రాత్రి విమాన తపాలా ప్రారంభమైనది. బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఢిల్లీల నుండి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకొని సంచులు మార్చుకొనేవి. దేశం నిద్రించే వేళ అక్కడ మేల్కొని సంచులు మార్చిన చేతులు కార్మికులవి.

1953లో పార్లమెంటు చట్టం ద్వారా విమానయానం జాతీయమైనది. దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనవి. 2008 మార్చిలో బేగంపేట నుండి ప్రయాణికుల సర్వీసులు శంషాబాదుకు తరలినవి. ఆ విమానాశ్రయ నిర్వహణలో సింహభాగం ప్రైవేటు సంస్థది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా తిరిగి టాటాల వశమైనది.

ఈ చక్రభ్రమణాన్ని చూచి కేవలం నిట్టూర్చుట మన పని కాదు. ప్రజల సొమ్ముతో, ప్రజాసేవకుల శ్రమతో ఎదిగిన వ్యవస్థలు చేతులు మారినప్పుడు లెక్కలలో విమానాలు, భవనాలు, భూములు కనిపించును, శ్రమ కనిపించదు. కనుక దానిని నమోదు చేయవలసినది మనమే. రిటైరైన ఆర్.ఎం.ఎస్. సార్టర్లు, గార్డులు, పోర్టర్లు, విమానాశ్రయ కార్మికుల అనుభవాలను ప్రతి శాఖా సేకరించాలి. నేడు విమానాశ్రయాలలో సామాను మోస్తున్న, నేల తుడుస్తున్న కాంట్రాక్టు కార్మికులు మనకు పరాయివారు కారు. నాడు సంచి మోసిన చేయికీ, నేడు పెట్టె మోసే చేయికీ బంధుత్వమున్నది. ఆ చేయిని అందుకొనుట మన కర్తవ్యం.