మన కడుపునొప్పి ఆ మిషన్‌కు తెలుసా?

మొన్న సెలవుకు డోన్ వచ్చిన మన తండా తమ్ముడొకడు హౌస్ సర్జన్సీ చేస్తున్నాడు. టీ తాగుతా ఒక మాటన్నాడు: "అన్నా, ఇంక గ్యాస్ట్రో చదవాలంటే ఆలోచించాల. డాక్టర్ కన్నా ముందే ఏఐ చూసి చెప్పేస్తాంది." వాడి గొంతులో సంబరం ఉంది, భయమూ ఉంది. చాలామంది కుర్ర డాక్టర్ల పరిస్థితి ఇదే. ఆ రెండింటిలోనూ నిజం ఉంది. కానీ మన పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది.

ముందు సంబరం సంగతి. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసేటప్పుడు చిన్న చిన్న పిలకలు కంటికి ఆనవు. వాటిలో కొన్ని ఏళ్లు గడిస్తే క్యాన్సర్ అవుతాయి. ఏఐ ఆ పిలక చుట్టూ తెర మీద గీత గీసి "ఇక్కడ చూడు" అంటుంది. ఇలాంటి పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ 2021లోనే అనుమతి ఇచ్చింది. ప్రాణం నిలిపే పనిముట్టును మనం ఎందుకు వద్దనాలి?

ఇక భయం. పోలండ్‌లో నాలుగు కేంద్రాల్లో చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. ఏఐ రాకముందు, డాక్టర్లు వంద మందిని పరీక్షిస్తే సుమారు 28 మందిలో క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పిలకలు దొరికేవి. ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో ఆ లెక్క 22కు పడిపోయింది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు. కానీ వాళ్లు వేల పరీక్షలు చేసి చేయి తిరిగిన డాక్టర్లు. ఇంకా కన్ను కుదరని కుర్ర డాక్టర్ మొదటి రోజు నుంచే మిషన్‌ను నమ్ముకుంటే, కరెంటు పోయిన రోజు ఏం చేస్తాడు?

ఇప్పుడు మన ప్రశ్న. మిషన్ నేర్చుకునేది తనకు చూపించిన బొమ్మల నుంచే. మరి ఎవరి కడుపులు చూపించారు?

ఒక ఉదాహరణ చూడండి. పేగు టీబీ, క్రోన్స్ అనే రెండు జబ్బులు కెమెరాలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. క్రోన్స్‌కు స్టెరాయిడ్లు ఇస్తారు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే జబ్బు ముదురుతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. టీబీ అరుదైన దేశాల బొమ్మలతో నేర్చిన మిషన్‌కు ఆ పుండు ఎలా కనిపిస్తుంది? సుగ్గికి పోయి, గుడిసెలో పదిమందితో పడుకుని, చిక్కిపోయి తిరిగొచ్చిన అక్క కడుపు చూడాలంటే ముందు "యాడికి పోయింటివక్కా? ఇంట్లో ఎవరికన్నా దగ్గుందా?" అని అడగాల. బొమ్మ మాత్రమే చూసే మిషన్ ఆ మాట అడగదు.

ఇంకో సంగతి. తండాలో కడుపునొప్పి వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ మాత్ర, తర్వాత సూది, తర్వాత అప్పు. కర్నూలు పెద్దాసుపత్రి 50 కిలోమీటర్లే, కానీ పోయేదానికి ఒక రోజు కూలి పోతుంది. గొట్టం దాకా రానోళ్లు లెక్కలోకీ రారు. లెక్కలో లేనోళ్ల జబ్బు మిషన్‌కు తెలిసేదెట్లా?

సమ్మతి మాట కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని భూములు రాయించుకున్నారు. ఇప్పుడు స్కానింగ్ బొమ్మల వంతు. ఐసీఎంఆర్ 2023లో ఇచ్చిన ఏఐ నైతిక మార్గదర్శకాలు రోగి సమ్మతి తప్పదన్నాయి. అదే ఏడాది వచ్చిన డేటా రక్షణ చట్టం ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో గానీ సమ్మతి అడగాలంటుంది. సంతాలీ, బోడో అందులో ఉన్నాయి. మన గోర్ బోలీ లేదు. మన ముసలమ్మకు ఏ భాషలో చెప్తారు?

అందుకే మన డిమాండ్లు ఇవి. ఒకటి, ఏఐ కన్నా ముందు మనకు అందే దూరంలో ఎండోస్కోపీ, దాన్ని చేసే డాక్టర్ కావాల. రెండు, ప్రభుత్వాసుపత్రిలో ఏ ఏఐ పెట్టినా, అది మన ప్రాంతపు రోగుల మీద పరీక్షించిందో లేదో బయటపెట్టాల. మూడు, మన మాటలో చెప్పి, మనం ఒప్పుకున్నాకే మన బొమ్మలు తీసుకోవాల.

తమ్ముడూ, చెల్లీ, ఎస్టీ కోటాలో మనకున్నది ఆరు శాతం సీట్లు. అవి పోరాడి నిలుపుకున్నవి. గ్యాస్ట్రోకు భయపడొద్దు, చదవండి. ఏఐ కూడా నేర్చుకోండి, అది తప్పు చెప్తే పట్టుకునేంత బాగా నేర్చుకోండి. రోగి పక్కన కూర్చుని "ఏం తిన్యావమ్మా, ఎన్నాళ్ల నుంచి నొప్పి?" అని గోర్ బోలీలో అడిగే డాక్టర్‌వి నువ్వే. ఆ పని మిషన్‌కు వదిలేయొద్దు.

జై సేవాలాల్. జై భీమ్.