పుష్టి కాదమ్మా, పోటు!

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! ఈ వారం వంటల కబుర్లకు ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మా పెద్దబ్బాయికి ఇరవై ఆరేళ్లు. విశాఖలో కంప్యూటర్ ఉద్యోగం. కూర్చున్న కుర్చీ కదలని పని. మొన్న సంక్రాంతికి బారువ వచ్చేసరికి 92 కిలోలున్నాడు. నేను మురిసిపోయాను. ‘లావయ్యాడు’ అని ఎవరైనా అంటే మా అత్తగారు ఊరుకోరు. ‘గుంటడు బొద్దుగా ఉంటే మీ కళ్లెందుకే?’ అని దిష్టి తీసి పారేస్తారు.

పండగ మర్నాడు వాడు రక్తదానానికి వెళ్లాడు. ముందుగా బీపీ చూసి, ‘నీ రక్తం ఇప్పుడొద్దు బాబూ, ముందు డాక్టరుకు చూపించుకో’ అని పంపేశారట. 148/96. ఇంకో రెండు రోజులు చూపిస్తే అటూ ఇటూ అంతే వచ్చింది. ఇరవై ఆరేళ్లకి బీపీ ఏమిటమ్మా అని నాకు కాళ్లు చల్లబడ్డాయి.

డాక్టరు గారు విడమరిచి చెప్పారు. ఒంట్లో కొవ్వు పెరిగితే రక్తం కూడా పెరుగుతుంది. గుండె ఎక్కువ పని చేయాలి. పొట్టలో చేరిన కొవ్వు మూత్రపిండాలను ఒత్తుతుంది. అవి ఉప్పును బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. ఉప్పు ఉన్నచోట నీరు చేరుతుంది, పోటు పెరుగుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం ఉంటేనే బీపీ అనుకుంటాం కానీ చాలామందికి ఏ గుర్తూ కనబడదట. చూపించుకుంటేనే తెలుస్తుంది.

మన ఉద్దానంలో ఈ మాట ఇంకో రెండింతలు గుర్తుంచుకోవాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు తాకని ఊరు తక్కువ. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటేనే తెలుస్తుంది కదా. ఆ జబ్బు బీపీ, షుగరు లేనివారికీ వస్తోంది, దాని అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ బీపీ కిడ్నీలను పాడుచేస్తుందన్నది తేలిన సంగతే. తేలనిదాన్ని మనం ఆపలేం. తేలినదాన్ని మన వంటింట్లోనే ఆపవచ్చు.

నా తప్పు కూడా చెప్పాలి. వాడు తలనొప్పి, నడుంనొప్పి అన్నప్పుడల్లా మందుల షాపులో నొప్పి బిళ్లలు తెప్పించి ఇచ్చేదాన్ని. వాటిలో చాలావాటివల్ల బీపీ పెరుగుతుంది, కిడ్నీలకూ చెరుపే. డాక్టరు చెప్పకుండా వేయకండి.

ఇంటికొచ్చి ఉప్పు లెక్క చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న చెంచాడే అంటోంది. నలుగురున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మా ఇంట్లో 24 రోజులకే అయిపోయింది! ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, ఉప్పు జీడిపప్పు ఈ లెక్కలోకి రానేలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఇలా చేస్తున్నాం:

అన్నంలోకి, మజ్జిగలోకి పైన ఉప్పు లేదు. ఉప్పు గిన్నె భోజనాల దగ్గరికి రాదు.

ఎండుచేపలను నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి, కూరలో వేరే ఉప్పు వేయకుండా వండుతాను. చింతపండు, వెల్లుల్లి ఉంటే చప్పగా అనిపించదు.

పొద్దున్న పూరీ, బోండాల బదులు చోడి అంబలి, మజ్జిగ కలిపి. రాత్రి అన్నం సగం, కూర రెట్టింపు. నూనె చెంచాతో కొలిచే వేస్తాను. చిన్న చెంచాడు నూనె అంటే 40 కేలరీల పైమాటే.

సాయంత్రం వాడు విశాఖలో, నేను ఇక్కడ సముద్రపొడ్డున అరగంట నడక. ఫోన్లో ‘బయల్దేరావా?’ అని అడగడం నా డ్యూటీ.

అయిదు నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు. బీపీ 132/84కి వచ్చింది. ఇంకా తగ్గాలి, మళ్లీ చూపించుకోవాలి. మీవాళ్లకు డాక్టరు మందు రాసి ఉంటే మాత్రం, తగ్గిందని మీ అంతట మీరు మానిపించకండి. బజారులో దొరికే ‘తక్కువ సోడియం’ ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారికి అది ప్రమాదం, అడగకుండా వాడొద్దు.

బీపీ చూపించుకునే ముందు అరగంట కాఫీ తాగకుండా, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. లావుపాటి చేతికి పెద్ద పట్టీ చుట్టమని అడగండి. ఇరుకు పట్టీతో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నడుం కొలతా చూసుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. నా నడుం 88 వచ్చింది. మా అబ్బాయి నవ్వి, ‘అమ్మా, ఇక నువ్వూ అంబలి తాగు’ అన్నాడు!

ఈ వారం మీకో చిన్న పని. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పగానే దాని మీద తేదీ రాసిపెట్టండి. ఎన్నాళ్లు వచ్చిందో చూసి నాకు రాయండి.