చెవి మందగించిన ప్రతివారికిని శ్రుతిదండ పరీక్ష జరుగవలెను



కాన్పైన కొంతకాలమునకు కోడలికి చెవి మందగించినచో, పిలిచిన పలుకదని విసిగికొని, చెవిటి మాలోకమని యాడిపోసికొను ఇండ్లు మనలో కొదువ గావు. ఆ యిల్లాలే బియ్యపుమిల్లు రొదలోను, పెండ్లిమేళముల నడుమను ఎదుటివారి మాటను తక్కిన వేళలకంటె చక్కగా నాలకించుచు, తాను మాత్రము మెల్లగా మాటలాడుచున్నచో, అది చికిత్సకు లొంగు నెముక జబ్బు కావచ్చునని పెద్దలు శంకింపవలెను.

మన యెముకలన్నిటిలో మిక్కిలి చిన్నది, ఇంచుమించు 3 మిల్లీమీటర్లది, అంకవన్నె యాకారమున నుండు కర్ణాంతరాస్థి. కర్ణభేరి కదలికను అండాకార గవాక్షముద్వారా లోచెవికి చేర్చునది యిదియే. ఓటోస్క్లిరోసిస్ అను వ్యాధియందు దాని యడుగున క్రొత్త యెముక పెరిగి దానిని గవాక్షమునకు బిగించివేయగా, శ్రవణనాడి బాగుగనే యున్నను ధ్వనికి దారి మూసికొనును. ఇది తరచు వంశపారంపర్యమున వచ్చును, యౌవనమున పొడసూపును, స్త్రీలయం దధికము.

1956లో అమెరికాయందలి మెంఫిస్ నగరమున జాన్ షే అను వైద్యుడు బిగిసిన యెముకను తొలగించి, టెఫ్లాన్‌తో చేసిన కృత్రిమాస్థి నమర్చి, వినికిడిని మరల రప్పించెను. నేడు కర్ణాంతరాస్థి యడుగుపలకకు మిల్లీమీటరైన లేని రంధ్రము చేసి సన్నని పిస్టన్ నిలుపుచున్నారు. ఆరితేరిన శస్త్రవైద్యుల చేతిలో పదింట తొమ్మిది చెవులు బాగుపడుచున్నవి. నూటికొక చెవి పూర్తిగా పోవచ్చుననియు, కొన్నాళ్లు తల తిరుగుట, రుచి మారుట కలుగవచ్చుననియు దాచక చెప్పవలసినదే. కనుకనే ఎక్కువ చెడిన చెవికే ముందు చికిత్స చేయుదురు. శస్త్రచికిత్స వలదనువారికి వినికిడి యంత్రము చక్కగా నుపకరించును.

దోషము నాడిదో మధ్యకర్ణముదో తెలిసికొనుటకు తొలిమెట్టుగా నొక శ్రుతిదండము (ట్యూనింగ్ ఫోర్క్) చాలును. దానిని మ్రోగించి చెవివెనుక యెముకపై నానించి, మ్రోత ఆగెనని రోగి చెప్పగనే చెవిముందు నిలిపినచో, ఆరోగ్యవంతునకు మరల వినవచ్చును. ఈ వ్యాధి ముదిరినవారికి వినరాదు. ఇంత సులభమైన పరీక్ష జరుగకయే యెవరినైనను చెవిటివారని తీర్మానించుట యన్యాయము.

కావున ప్రభుత్వమును మేము కోరునవి మూడు:

1. ప్రతి ప్రభుత్వ వైద్యశాలయందును, చెవి మందగించి వచ్చినవారికి, ముఖ్యముగా బాలింతలకు, శ్రుతిదండ పరీక్ష చేయవలెను.
2. అనుమానము కలిగినవారికి జిల్లా వైద్యశాలలో ఆడియోమెట్రీ (యంత్రముతో వినికిడిని కొలుచు పరీక్ష) ఉచితముగా జరుపవలెను.
3. వ్యాధి నిర్ధారణయైన పేదలకు, ఈ పనియందు చేయితిరిగిన వైద్యులున్న బోధనాసుపత్రులలో ఉచితముగా శస్త్రచికిత్స చేయించవలెను.

ఇది నెరవేరుదాక గ్రామగ్రామమునుండి శాసనసభ్యులకు అర్జీలు పంపుడు. మీ యింట చెవి మందగించినవారున్నచో, అర్జీకి జవాబు వచ్చువరకు కాచుకొనక, రేపే వైద్యునికడకు తోడ్కొనిపొండు.