డాబా మీద షెడ్డు వేయించే ముందు గాలి లెక్క చూడండి

ఈ మధ్య మా గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్ళినా ఖాళీ డాబా కనిపించడమే తగ్గిపోయింది. ఒకరింటి మీద నీలం రేకుల షెడ్డు, ఇంకొకరింటి మీద చుట్టూ ఇనప గ్రిల్లు, కాస్త డబ్బున్న వాళ్ళైతే ఏకంగా అద్దాల గది. కారణం తెలిసిందే. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో డాలస్‌లోనో ఉంటారు (నాబోటి సాఫ్ట్‌వేర్ జీవులన్నమాట). ఇంట్లో మిగిలేది అమ్మా నాన్నా. వాళ్ళకి కోతుల బెడద, దోమల బెడద, ఎండాకాలం శ్లాబు వేడి. మనం ఫోన్లో నాలుగు వీడియోలు చూసేసి "నాన్నా, డాబా మొత్తం మూయించెయ్యండి, డబ్బులు నేను పంపిస్తా" అంటాం. అక్కడితో మన బాధ్యత అయిపోయినట్టే!

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. డెల్టాలో డాబాని మొత్తం మూయకూడదు. నీడ కావాలంటే సగానికి కప్పు వేసుకోండి, పక్కలు గాలికి వదిలెయ్యండి, మిగతా సగం ఆకాశానికి వదిలెయ్యండి. ఇది అందం గురించి చెప్పే మాట కాదు. దీనికో లెక్కుంది.

మన దేశంలో కట్టడాల మీద గాలి ఒత్తిడికి ఐఎస్ 875 మూడో భాగం అని ఒక ప్రమాణం ఉంది. అందులో మన కోస్తాకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, మన భాషలో సుమారు 150 కేజీలు. ఇప్పుడు 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు షెడ్డు తీసుకోండి. దాదాపు 18.6 చదరపు మీటర్లు. మొత్తం 2800 కేజీల పైమాటే! షెడ్డు ఆకారాన్ని బట్టి ఇది పెరగొచ్చు, తగ్గొచ్చు. పోనీ సగమే అనుకుందాం. అయినా టన్నున్నర బరువుతో గాలి ఆ కప్పుని పైకి లాగుతుంది. రేకులూ పైపులూ కలిపి అందులో మూడోవంతు బరువు కూడా ఉండవు. మరి దాన్ని కిందకి పట్టి ఉంచేదేమిటి? నాలుగు బోల్టులు, చాలా ఇళ్ళల్లో అవి కూడా పిట్టగోడలో!

పిట్టగోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. మనిషి పడిపోకుండా ఆపడానికి కట్టింది. ఇటుక మీద బరువు పెడితే మోస్తుంది కానీ పైకి లాగితే ఊడొస్తుంది. షెడ్డు పోతూ పోతూ పిట్టగోడని కూడా పట్టుకుపోతుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

"మొంథా తుఫానుకే మా షెడ్డు చెక్కుచెదరలేదండీ" అనే వాళ్ళుంటారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు వాతావరణ శాఖ చెప్పిన విసురు గంటకి 110 కిలోమీటర్లు. 180కీ 110కీ తేడా 70 మాత్రమే అనిపిస్తుంది. కానీ ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 180 దగ్గర ఒత్తిడి రెండున్నర రెట్ల పైనే. అంటే మొంథా పెట్టింది యూనిట్ టెస్టు మాత్రమే, అసలు లోడ్ టెస్టు ఇంకా కాలేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుఫాను కోనసీమని ఏం చేసిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నేను పుట్టకముందు సంగతి అది. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఇప్పటికీ మా ఊళ్ళో కొన్ని లెక్కలు "తుఫానుకి ముందు, తుఫాను తర్వాత" అనే చెబుతారు.

ఇంకో సంగతి. మూడు పక్కలు మూసి ఒక పక్క తెరిచిన షెడ్డు అన్నిటికంటే ప్రమాదం. గాలి ఆ తెరిచిన పక్కనుంచి దూరి, బయటికి పోయే దారిలేక కప్పుని లోపల్నుంచి తంతుంది. పైనుంచి లాగుడు, కిందనుంచి తోపుడు. నాలుగు పక్కలా తెరిచి ఉంటే ఈ రెండో బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇక వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంక గ్రామాల్లో అలాంటప్పుడు బియ్యం బస్తా, గ్యాస్ పొయ్యి, ముసలివాళ్ళు, అందరూ చేరేది డాబా మీదకే. పడవ వచ్చినా హెలికాప్టర్ వచ్చినా మనుషులు కనపడాల్సింది అక్కడే. అలాంటి చోట నాలుగు వైపులా, పైనా గ్రిల్లు బిగించి, తాళంచెవి కింద గదిలో మేకుకి తగిలిస్తే అది రక్షణ కాదు, బోను. గ్రిల్లు పెట్టుకోండి, కానీ బయటికి తెరుచుకునే తలుపొకటి ఉండాలి, తాళంచెవి ఒకటి పైనే ఉండాలి.

సరే, రకాల సంగతి చూద్దాం.

అద్దాల గది: మన ఉక్కపోతకి అస్సలు పనికిరాదు. రోహిణి కార్తెలో అందులో కూర్చుంటే మనుషులే వడియాలవుతారు. ఏసీ పెడితే సరే, కానీ ఆ బిల్లు నెలనెలా మీరు కడతారా?

సిమెంటు రేకులు: పాత వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినప్పుడు, పగిలినప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తులకి కేన్సర్ తెస్తుంది. వద్దు.

రంగు రేకులు: సగం డాబాకి ఇవే నయం. పైపులు జీఐవి తీసుకోండి. మామూలు ఇనప పైపుకి రెడ్ ఆక్సైడ్ పూస్తే ఉప్పుగాలికి ఎన్నాళ్ళో ఆగదు.

షేడ్ నెట్: మొక్కలకీ నీడకీ చాలు. అన్నిటికంటే చవక, తుఫాను కబురు రాగానే గంటలో విప్పి మడత పెట్టెయ్యొచ్చు. నా ఓటు దీనికే.

గ్రిల్లు, దోమల మెష్: కోతులకి, దోమలకి సరిపోతాయి. మెష్ మాత్రం విప్పగలిగేలా ఫ్రేములకి బిగించమనండి.

వెల్డరు దగ్గర పట్టుబట్టాల్సినవి మూడే. స్తంభాల బేస్ ప్లేట్లు కింద పిల్లరో బీమో ఉన్నచోట యాంకర్ బోల్టులతో బిగించాలి, పిట్టగోడలో కాదు. రేకుల అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి, ఎందుకంటే రేకు ఊడటం మొదలయ్యేది అక్కడే. బోల్టులు దింపిన చోట శ్లాబులోకి నీళ్ళు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. ఈ మూడింటికీ ఖర్చు కొంత పెరుగుతుంది, మీ బేరం వేరే దేంట్లోనైనా ఆడుకోండి. పక్కా నిర్మాణమైతే మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

అసలు డాబా అనేది మా అమ్మకి వడియాలు పెట్టుకునే చోటు, ఆవకాయ కారానికి మిరపకాయలు ఎండబెట్టే చోటు, కరెంటు పోయిన రాత్రి పక్కేసుకునే చోటు. వీటన్నిటికీ కావలసింది ఎండా, గాలీ. రెండూ ఆపేసి గది కట్టుకోవాలంటే కిందే కట్టుకోవచ్చుగా?

షెడ్డు ఇప్పటికే వేయించేసిన వాళ్ళు ఒక పని చెయ్యండి. మన దగ్గర పెద్ద తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే వస్తాయి. వినాయక చవితికి ఇంటికెళ్ళినప్పుడు ఒకసారి మేడెక్కి, బోల్టులు ఎక్కడ దిగాయో, ఎంత తుప్పు పట్టాయో చూసి రండి. నాన్నగారిని మాత్రం నిచ్చెన ఎక్కనివ్వకండి, మీరే ఎక్కండి.