హంతకుని మనస్సును దాచినవారు

1954 ఏప్రిలు 21వ తేదీన న్యూయార్కులో అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరుపుచుండగా సెనేటరు కెఫావరు ఒక బొమ్మల పత్రికను ఎత్తి చూపెను. అది 'క్రైమ్ సస్పెన్‌స్టోరీస్' 22వ సంచిక. అట్టమీద ఒకచేత నెత్తుటి గొడ్డలియు, వేఱొకచేత జుట్టుపట్టి ఎత్తిన స్త్రీ తలయు గల పురుషుడు. ఇది సదభిరుచియేనా యని ప్రశ్నింపగా, ప్రచురణకర్త విలియం గెయిన్సు ఇట్టి పత్రికకు తగినదే యనెను. తలను మఱికొంత పైకెత్తి, మెడనుండి కాఱు రక్తమును చూపిన యెడల మాత్రము తప్పగునట! ఆ యుత్తరముతో ఆతని వ్యాపారమునకు ఆతని నోటనే ఉరి బిగిసినది.

ఈ జాతి పత్రికలకు మార్గము చూపినది 1942లో లెవ్ గ్లీసన్ సంస్థ వెలువరించిన 'క్రైమ్ డజ్ నాట్ పే'. నేరము లాభింపదని పేరు, పుటపుటకు తుపాకిగుండ్లు, చివరి పుటలో ఉరికంబమో విద్యుత్తు కుర్చీయో. వెల పది సెంట్లు. నీతి పేర నెత్తురమ్ముకొనుటను మేము సమర్థింపము. ఆ పత్రిక సంపాదకులలో నొకడైన బాబ్ వుడ్డు 1958లో ఒక స్త్రీని చంపి చెరసాల కేగెను. అతడా కథలను చదివి చెడినవాడు గాడు, వ్రాయించి అమ్మినవాడు. దీనినుండి ఏ సిద్ధాంతమును లాగవచ్చునో పండితులు చూచుకొందురు గాక.

అయితే ఆ వలలో వేఱు చేపలును చిక్కినవి. 1955లో గెయిన్సు సంస్థయే ప్రకటించిన 'ఇంపాక్ట్' తొలి సంచికలో బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ చిత్రించిన 'మాస్టర్ రేస్' అను ఎనిమిది పుటల కథ కలదు. న్యూయార్కు భూగర్భ రైలులో ఒకడు వణకుచు కూర్చుండును. నల్లదుస్తుల మనుష్యు డొకడు ఆ బండి నెక్కును. వెంటనే నాజీల శిబిరములు, శవరాసులు మొదటివాని కన్నుల గట్టును. పాపము, బాధలుపడి బ్రతికి బయటపడినవాడు కాబోలునని మనము జాలిపడుచుండగనే, వాడా శిబిరమున కధిపతియై యుండెనని తెలియును. పరుగిడి, జారి, రైలుక్రిందపడి చచ్చును. ఆ మృతుని తానెఱుగనే యెఱుగనని నల్లదుస్తులవాడు చెప్పును! ఇందు గొడ్డలి లేదు, తెగిన తల లేదు. ఒక్క క్షణమును సన్నని గళ్లుగా చీల్చి చిత్రకారుడు భయపు నడకను చూపినాడు. చేసిన హత్య చేసినవానిలో నెట్లు కాపురముండునో ఇంత పొదుపుగా చెప్పిన రచనలు అరుదు. కాని అప్పటికి అంగళ్లకు పంపిన కట్టలు విప్పకయే తిరిగి వచ్చుచుండెను. ఆ పత్రిక ఐదు సంచికలతో ఆగినది.

ఈ యుద్యమమునకు ఆచార్యుడు డాక్టరు ఫ్రెడరిక్ వర్థాము. దుష్టుడని మేమనము. 1946లో హార్లెములో నల్లజాతి పేదలకై మనోవైద్యశాల తెఱచిన పుణ్యాత్ముడు. విడ్డూర మేమన, 1941లో ఆయనయే తల్లిని చంపిన యొక యువకుని మనస్సును శోధించి 'డార్క్ లెజెండ్' అను గ్రంథము వ్రాసెను. హంతకునికి మనస్సు కలదని వైద్యుడు తెలిసికొనవచ్చునట. పది సెంట్ల పాఠకుడు తెలిసికొనరాదట! 1954లో ఆయన ప్రకటించిన నిందాగ్రంథమందు బాలుర సాక్ష్యములను మార్చియు కూర్చియు వ్రాసినట్లు ఆయన కాగితములను పరిశీలించి కారల్ టిల్లీ 2012లో బయటపెట్టినది.

వెఱచిన ప్రచురణకర్తలు 1954 అక్టోబరులో తమకు తామే నియమావళిని విధించుకొనిరి. నేరస్థునిపై సానుభూతి కలుగరాదు. న్యాయాధికారులపై, రక్షకభటులపై అగౌరవము కలుగరాదు. మొదటి నిబంధనతో హంతకుని అంతరంగము మూతపడెను. రెండవదానితో పోయిన దేమన, 1952లో 'షాక్ సస్పెన్‌స్టోరీస్' ఒక కథలో, నిరపరాధియైన నల్లజాతి ఖైదీని పోలీసు అధికారియే కాల్చి, పాఱిపోవుచుండెనని బొంకును. అట్టి కథకు ఇక చోటు లేదు. నెత్తుటిని తగ్గించుటకు ఈ రెండు నిబంధనలును ఎందులకు?

ఆ గాలి మనదేశమునకును వీచినది. 1956లో మన పార్లమెంటు యువజనులకు హానికరములగు ప్రచురణలపై శాసనము చేసినది. నేరములను, క్రౌర్యమును, జుగుప్సాకర సంఘటనలను చిత్రించి యువకులను చెఱచు కథలు దాని లక్ష్యము. ఈ కొలతతో తిక్కన సౌప్తికపర్వమును కొలువుడు. రాత్రివేళ మఱ్ఱిచెట్టుపై గుడ్లగూబ నిద్రించు కాకులను చంపుట చూచి అశ్వత్థామ తన ఘోరకార్యమును నిశ్చయించుకొనును. హంతకుని మనస్సులో ఊహ మొలకెత్తు ఘడియను ఇంత దగ్గఱగా నిలిచి చూచిన కవి గలడా? పురాణకాలక్షేపమున పిల్లలను తల్లులు లేపి యింటికి గొనిపోలేదు.

గెయిన్సు కథ లిప్పుడు గట్టి అట్టల సంపుటములుగా మరల అచ్చైనవి. నియమావళి ముద్రను చివరి ప్రచురణకర్తలు 2011లో విడిచిరి. మన గ్రంథాలయాధికారులు ఆ సంపుటములను తెప్పించుదురేని, వర్థాము 1941 నాటి గ్రంథమును గూడ ఆ బీరువాలోనే యుంచవలెనని మా కోరిక.