మూడు వేల డాలర్ల ధైర్యం

పోయిన శనివారం ఫ్రిస్కోలో గుడి మెట్ల దగ్గర పులిహోర తింటుంటే ఒక పెద్దమనిషి అన్న మాట ఇంకా నా గొంతులోనే అడ్డుపడి ఉంది. నా పక్కనున్న అమ్మాయిది గుంటూరు. అమెరికా వచ్చి రెండేళ్ళయింది, హెచ్-4 వీసా మీద ఉంది. ఇక్కడి అకౌంటెంట్ల లైసెన్సు పరీక్ష సీపీఏ రాద్దామనుకుంటున్నానని, లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని మొదలుపెట్టానని మాటల్లో చెప్పింది. ఆయన విస్తరాకు మడుస్తూ, "మూడు వేలు పెట్టి మంచి కోర్సు కొనలేనివాళ్ళకి సీపీఏ ఎందుకమ్మా? చవక మెటీరియల్‌కి చవక మార్కులే" అన్నాడు. ఆయన సీపీఏ కాదు, సాఫ్ట్‌వేర్. వాళ్ళావిడకి కోర్సు కొనిపెట్టాడట. ఆవిడ పరీక్ష రాశారా అని అడిగితే, ఇక్కడ పార్కింగ్ మరీ కష్టమైపోయిందండీ అన్నాడు.

ఆయనొక్కడే అయితే పులిహోరతో పాటు ఆ మాటనీ మింగేసేదాన్ని. ఇర్వింగ్ నుంచి ఎడిసన్ దాకా ఏ తెలుగింట్లో ఈ పరీక్ష మాటెత్తినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కోర్సు తీసుకున్నావ్?" ఎంత చదివావు, ఎక్కడ ఆగావు అని అడిగే నాథుడు లేడు. కార్డు గీకామంటే సగం చదివేసినట్టే లెక్క.

ఈ జబ్బు అమెరికాలో పట్టింది కాదు, సూట్‌కేసులో తెచ్చుకున్నాం. మెటీరియల్ అనే మాటకి ఇంగ్లీషులో ఎన్ని అర్థాలున్నాయో గానీ, తెలుగులో ఒకటే అర్థం: కాలేజీవాళ్ళు కుట్టిచ్చిన కాగితాల కట్ట. ఇంటర్లో తెలుగు అకాడమీ పుస్తకం కొత్త వాసన పోకుండా అటక మీద ఉండేది. మనం బట్టీ కొట్టింది మాత్రం "ఇంపార్టెంట్" అని చుక్కలు పెట్టిన ఆ కట్టని. పక్క కాలేజీ మెటీరియల్ జిరాక్స్ కోసం విజయవాడలో బస్సు మారి వెళ్ళిన రోజులు నాకున్నాయి. తెచ్చాక అది విప్పి చూసిన రోజులు మాత్రం గుర్తులేవు. దగ్గరుందన్న నిబ్బరమే చదువైపోయింది. అప్పుడు జిరాక్స్‌కి అరవై రూపాయలు, ఇప్పుడు మూడు వేల డాలర్లు. మిగతాదంతా మామూలే.

ఇక నా అసలు కడుపుమంట దగ్గరికి వస్తాను. పాస్ పర్సంటేజీలు.

2024లో సీపీఏలోని ఫైనాన్షియల్ అకౌంటింగ్ పేపరు, అంటే ఫార్, రాసినవాళ్ళలో పాసైంది దాదాపు నూటికి నలభై మంది. ఇది పరీక్ష పెట్టే సంస్థే చెప్పిన లెక్క. ప్రకటనలు చూస్తే మా విద్యార్థుల్లో తొంభై శాతం, ఆ పైన అని మెరుస్తుంటాయి. పేజీ కిందికి, చీమ తలకాయంత అక్షరాల్లోకి దిగితే తెలుస్తుంది: కోర్సులో ఇంత శాతం పూర్తి చేసి, ఫలితం తామే వచ్చి చెప్పుకున్నవాళ్ళలో అని. వంట పూర్తి చేసినవాళ్ళలో తొంభై శాతం మంది భోంచేశారని చెప్పడం లాంటిది ఇది. సగంలో స్టవ్వు ఆర్పేసినవాళ్ళు ఆ లెక్కలో ఉండరు. ఫెయిలైనవాడు పనిగట్టుకుని వెళ్ళి నేను ఫెయిలయ్యానండీ అని కంపెనీకి ఎందుకు చెప్తాడు? ఆడిటింగ్ పేపర్లో శాంపిల్ ఎలా ఎంచుకోవాలో, ఎంపికలో పక్షపాతం ఎలా దూరుతుందో నేర్పేదీ వీళ్ళే. ఆ పాఠం వాళ్ళ ప్రకటనలకి వర్తించదు కాబోలు.

పాస్ గ్యారంటీ అని ఇంకొకటి. నేనూ మోసపోయాను, దాచుకోను. నేను కొన్న కోర్సు పేరు చెప్పను. గ్యారంటీ అంటే డబ్బు వెనక్కిస్తారనుకున్నాను. ఫార్‌లో 68 వచ్చాక షరతులు చదివాను. ప్రతి వీడియో చూసుండాలి, ప్రతి ప్రశ్నా చేసుండాలి, మార్కుల కాగితం పంపాలి. అప్పుడు మళ్ళీ చూసుకోనిస్తారు. ఏ వీడియోలు చూసి ఫెయిలయ్యానో ఆ వీడియోలే! పని చెయ్యని మందు ఇచ్చి, తగ్గకపోతే ఇంకో డోసు ఉచితం అన్న డాక్టర్ని మా అమ్మమ్మ అయితే చెప్పుతో వెళ్ళగొట్టేది.

అన్నిటికన్నా పెద్ద మోసం ఇంకోటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ వీడియోలు మనకోసం తీసినవి కావు. డెబిట్ అంటే ఎడమ వైపు అన్న దగ్గర మొదలుపెట్టి గంటలు గంటలు సాగదీస్తారు. బీకామ్ చదివి, రెండేళ్ళు ఆడిటర్ దగ్గర టాలీ కొట్టిన గుంటూరు పిల్లకి ఎవరండీ డెబిట్ నేర్పేది? ఆ పిల్లని ముంచేది తెలియనిది కాదు, తెలిసిందే. ఇండియా అకౌంటింగ్ ప్రమాణాలైన ఇండ్ ఏఎస్‌లో ఆస్తి విలువ పడిపోయి నష్టం రాసుకున్నాక, తర్వాత కోలుకుంటే దాన్ని వెనక్కి రాయొచ్చు. ఇక్కడ వాడుకలో ఉన్న ఆస్తికి ఆ పని చెయ్యకూడదు. అక్కడ భవనాన్ని రీవాల్యూ చేసి పెంచుకోవచ్చు, ఇక్కడ పనికిరాదు. అక్కడ సరుకు నిల్వల లెక్కకి లైఫో లేదు, ఇక్కడ ఉంది. నాకు 68 రావడానికి కారణం ఇలాంటివే. నమ్మకంగా, ధీమాగా, తప్పు రాశాను. ఏ వీడియోలోనూ "నువ్వు ఇండియాలో చదివావు కదా, ఇక్కడ జాగ్రత్త" అని ఎవరూ చెప్పలేదు. చెప్పరు. ఒహాయోలో పుట్టినవాడికి తీసిన వీడియో అది.

అన్నట్టు, 75 వస్తే పాసు అన్నది నూటికి డెబ్భైఐదు కాదు. సున్నా నుంచి 99 దాకా వాళ్ళు వేసుకునే స్కేలు. ఇది తెలియక ప్రాక్టీసులో 75 శాతం వస్తోందని సంబరపడి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

ఖరీదైన కోర్సు లేకపోతే అసలు కుదరదన్న వాదన గురించి ఎక్కువ మాటలు దండగ. న్యూయార్క్‌లో సీపీఏ చట్టం వచ్చింది 1896లో, మొదటి పరీక్ష జరిగింది ఆ డిసెంబరులోనే. సీపీఏ కోచింగ్‌కి పేరుమోసిన న్యూటన్ బెకర్ క్లీవ్‌లాండ్‌లో క్లాసులు మొదలుపెట్టింది 1957లో. ఆ మధ్యలో అరవై ఏళ్ళు పాసైనవాళ్ళంతా ఏం చూసి చదివారు? పరీక్ష అప్పుడొకటి ఇప్పుడొకటి అంటారు, నిజమే. అనండి.

దానికన్నా అడగాల్సింది వేరే ఉంది. మన సీఏకి ఇన్‌స్టిట్యూటే స్టడీ మెటీరియల్ వేస్తుంది. ర్యాంకర్లని అడిగితే ముందు అదే చదివామంటారు. ఇక్కడ పరీక్ష పెట్టే ఏఐసీపీఏ పాఠ్యపుస్తకం ఇవ్వదు. ఏ పేపర్లో ఏది ఎంత లోతుగా అడుగుతారో చెప్పే బ్లూప్రింట్ ఇస్తుంది, నమూనా పరీక్ష ఇస్తుంది. రెండూ ఉచితమే. నేను ఆ బ్లూప్రింట్ మొదటిసారి తెరిచింది ఫెయిలయ్యాక. కోర్సు కొన్నాక దాన్ని చూడాల్సిన పని లేదనుకున్నాను. నా చుట్టూ ఉన్న పదిమందిలో దాన్ని ముందే చదివింది ఒక్కరే, ఆవిడ మొదటిసారికే గట్టెక్కింది. దీన్ని రుజువనను, అనాలని మాత్రం బాగా ఉంది.

మరి ఏం కొనాలి అని ఆ అమ్మాయి అడిగింది. "అక్కా, తిట్టడం అయ్యాక చెప్పు" అంది కూడా. చెప్పాలంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పన్నులకి ఐఆర్‌ఎస్ వాళ్ళ పబ్లికేషన్ 17, డిప్రిసియేషన్‌కి 946 ఉచితంగా దొరుకుతాయి. ఎఫ్‌ఏఎస్‌బీ ప్రమాణాలు కూడా డబ్బులివ్వకుండా చదువుకోవచ్చు. ఇవి చదివి ఎవరైనా పాసయ్యారా అంటే, ఇవొక్కటే చదివి కాకపోవచ్చు. ప్రశ్నలు చెయ్యాల్సిందే. ఫార్‌లో 50 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, 7 సిమ్యులేషన్లు, నాలుగు గంటలు. ఆ సిమ్యులేషన్లలో కాగితాలు ముందేసి లెక్క తేల్చమంటారు, పుస్తకం చదివితే చేతికి రావు. కాబట్టి ప్రశ్నల బ్యాంకు ఒకటి కొనక తప్పదు. వీడియోలు లేనిది చాలా తక్కువలో దొరుకుతుంది.

లైబ్రరీ పుస్తకం విషయంలో మాత్రం ఆ పెద్దమనిషి మాట పావలా వంతు నిజం. ఆయనకి ఎందుకు నిజమో తెలియదు, అది వేరే సంగతి. 2024 జనవరిలో పరీక్ష రూపే మారింది. బీఈసీ పేపరు పోయింది. మూడు పేపర్లు అందరికీ, నాలుగోది బార్, ఐఎస్‌సీ, టీసీపీల్లో మనం ఎంచుకునేది. ఫార్‌లో ఉన్న ప్రభుత్వ అకౌంటింగ్‌లో చాలా భాగం బార్‌కి వెళ్ళిపోయింది. పన్నుల చట్టమైతే 2025 జూలై 4న మళ్ళీ మారింది. ఆ అమ్మాయి తెచ్చుకున్న పుస్తకం అట్ట చూశాను, 2019. పక్కన పెట్టించాను.

అసలు అన్నిటికన్నా ముందు, నీ మార్కుల కాగితాలు ఎవాల్యుయేషన్‌కి పంపావా అని అడిగాను. లేదంది. మన మూడేళ్ళ బీకామ్‌కి చాలాచోట్ల 90 క్రెడిట్లే లెక్కేస్తారు. చాలా రాష్ట్రాల్లో పరీక్షకి కూర్చోవాలంటేనే 120 కావాలి. వేలు పోసి కోర్సు కొన్నాక, పరీక్ష రాసే అర్హతే లేదని తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఆ పుస్తకాల పెట్టెలు విప్పకుండా గరాజుల్లో ఉన్నాయి. అట్ట మీద బరువు ఎంతో రాసుంటుంది.

మొన్న ఆ అమ్మాయి ఫోటో పంపింది. డాలర్ స్టోర్లో కొన్న గీతల నోటుపుస్తకం, మొదటి పేజీ. పైన "ఇక్కడ వేరు" అని తెలుగులో రాసుకుంది. కింద ఒకటో నంబరు: నష్టం వెనక్కి రాయకూడదు.